తేట మనకు, మడ్డి ఎవరికి?

అందరికీ నమస్కారం.

మా చిన్నప్పుడు వానాకాలంలో కృష్ణ నీళ్లు ఎర్రగా వచ్చేవి. మా అమ్మమ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేది. తెల్లారేసరికి పైన తేట, అడుగున మడ్డి. ఆ మడ్డిని అరటిచెట్టు మొదట్లో పారబోసేది. ఇవాళ నేను మాట్లాడేది అలాంటి మడ్డి గురించే, అందులో చేరే ప్లాస్టిక్ గురించే.

5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కే మైక్రోప్లాస్టిక్. 2004లో బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం రాసిన వ్యాసంతో ఈ మాట ప్రచారంలోకొచ్చింది. ఎండకు పెళుసెక్కిన కవరు పొడి అవడం మీరు చూసే ఉంటారు. పాలియెస్టర్ చీర ఉతికినప్పుడల్లా కంటికానని పోగులు రాలతాయి. మన విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర బ్రేకు వేసిన ప్రతి టైరూ కాస్త అరుగుతుంది. వాన పడితే ఆ పొడి ఎటు పోతుంది? బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ... మన ఊళ్లో దారులకేం తక్కువ!

వాటర్ వర్క్స్‌లో జరిగేదీ అమ్మమ్మ పనే, కాకపోతే పటికతో. నీళ్లలో తేలే సన్నటి రేణువులకు సాధారణంగా రుణావేశం (నెగటివ్ ఛార్జి) ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కిందికి దిగవు. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తగ్గిస్తే గుంపుకట్టి, బరువెక్కి దిగుతాయి. మిగిలినవి ఇసుక పడకలో చిక్కుతాయి. ప్లాస్టిక్‌లోనూ చాలా భాగం ఇలాగే ఆగుతుంది. మరీ సన్నవి జారిపోతాయి, వాటికి మెంబ్రేన్, అంటే అతి సన్నటి రంధ్రాల పొర, కావాలి. ఆ మెంబ్రేన్లూ ఎక్కువగా ప్లాస్టిక్‌వే, అది వేరే కథ.

"అయితే సీసా నీళ్లు తాగమంటారా?" అని అడుగుతారు. అమెరికాలో మూడు బ్రాండ్ల సీసాలు పరీక్షించి 2024లో లెక్క చెప్పారు: లీటరుకు సగటున 2,40,000 ప్లాస్టిక్ ముక్కలు. వాటిలో పదింట తొమ్మిది నానో సైజువి, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నవి.

మురుగునీటి ప్లాంటు సరిగ్గా నడిస్తే మైక్రోప్లాస్టిక్‌లో 90 శాతం దాకా ఆగుతుంది. కానీ ఆగడం వేరు, పోవడం వేరు. అదంతా మడ్డిలోనే ఉంటుంది. చాలా దేశాల్లో ఆ మడ్డిని ఎరువుగా పొలాలకు తోలతారు. అమ్మమ్మ మడ్డిలో ఒండ్రు ఉండేది, అరటి గెల వేసేది. ఈ మడ్డిలోని పోగు మట్టిలో పురుగు మింగినా అరగదు, బాక్టీరియా దాన్ని దాదాపు ముట్టదు. వానొస్తే మళ్లీ కాలవలోకే. అందుకే ఎవరైనా 'మా ప్లాంటు ఇంత శాతం తీసేస్తుంది' అంటే, మడ్డి ఎక్కడ వేస్తున్నారో అడగండి.

ఇంట్లోనూ ఇదే లెక్క. వాషింగ్ మెషీన్ గొట్టానికి పీచు ఫిల్టర్ పెట్టించుకుంటే మంచిదే. నిండాక మాత్రం దాన్ని కుళాయి కింద కడక్కండి, పీచు చేత్తో తీసి పొడి చెత్తలో వేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.