ఏడు నెమలి ఈకల్లో ఐదే మిగిలాయి

[తెర మీద: చీకటి. మెల్లగా ఒక గది కనిపిస్తుంది. మూలన పూలకుండీ, అందులో నెమలి ఈకలు.]

ఆ ఇంట్లో అడుగు పెట్టగానే సయీద్ కళ్ళు ఒక్కో వస్తువునే తడుముకుంటూ పోతాయి. గోడ మీద జెరూసలేం పటం ఎక్కడిదక్కడే ఉంది. నెమలి ఈకలు కూడా ఉన్నాయి. లెక్కపెడతాడు. ఏడు ఉండాలి. ఐదే ఉన్నాయి.

అది ఆయన సొంత ఇల్లు. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చాడు. తలుపు తీసింది ఎవరో పరాయి ఆవిడ. తన ఇంట్లో కూర్చోవడానికి తనే ఆవిడ ఎప్పుడు కూర్చోమంటుందా అని చూడాల్సిన పరిస్థితి. ఆ రెండు ఈకలు ఏమయ్యాయో తెలుసుకోవాలని ఆయనకు ఒకటే ఆరాటం. పక్కనున్న భార్య సఫియాకి ఆరాటం వేరే. ఈ ఇంట్లోనే ఆమె ఐదు నెలల బిడ్డను వదిలేసి వెళ్ళింది.

ఇది పాలస్తీనా రచయిత ఘసాన్ కనఫానీ 1969లో అరబిక్‌లో రాసిన చిన్న నవల. తెలుగులో చెప్పుకోవాలంటే 'తిరిగి హైఫాకు'. ఒక జాతి నిలువ నీడ కోల్పోవడమంటే ఏమిటో లెక్కలు చెప్పలేని చోట ఈ కథ ఎలా చెప్పిందో, దాన్ని రంగస్థలం ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో ఈ వీడియోలో చూద్దాం.

[తెర మీద: 1948 నాటి పాలస్తీనా మ్యాప్. హైఫా, అక్కా, యాఫా మీద చుక్కలు.]

మన పాత పత్రికల్లో శరణార్థులను 'కాందిశీకులు' అని రాసేవారు. ఆ మాట సంస్కృతం నుంచి వచ్చింది. 'కాం దిశం' అంటే 'ఏ దిక్కుకి?' అని. ప్రాణభయంతో పరుగెడుతూ ఎటు పోవాలో తెలియని మనిషి కాందిశీకుడు. 1948 ఏప్రిల్ 21న సొంత ఊరు హైఫాలో సయీద్ పరిస్థితి అచ్చం అదే. ఊరి మీద యూదు సాయుధుల దాడి మొదలైనప్పుడు ఆయన బయట ఉన్నాడు. ఇంటికి పోవాలని ఎంత పెనుగులాడినా, పారిపోతున్న జనం ఆయన్ని రేవు వైపే నెట్టుకుపోయారు. భర్త కోసం వెతుక్కుంటూ బయటికి వచ్చిన సఫియానూ అదే జనం ఈడ్చుకుపోయారు. ఇద్దరూ పడవ ఎక్కారు. బిడ్డ ఊయలలోనే ఉండిపోయాడు.

ఇజ్రాయెల్ ఏర్పడిన ఆ యుద్ధకాలంలో 7 లక్షల మందికి పైగా పాలస్తీనియన్లు ఇళ్ళు వదిలిపోయారు, లేదా వెళ్ళగొట్టబడ్డారు. 400కు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. దీన్ని వాళ్ళు 'నక్బా' అంటారు, అంటే మహా విపత్తు. తిరిగి రావాలనుకున్న వాళ్ళను రానివ్వాలని అదే ఏడాది డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం చేసింది. అది కాగితం మీదే ఉంది.

కనఫానీకి అప్పుడు పన్నెండేళ్ళు. అక్కా అనే ఊళ్ళో పుట్టాడు, తండ్రి లాయరు. కుటుంబం మొదట లెబనాన్‌కీ, తర్వాత డమాస్కస్‌కీ చేరింది. అక్కడ శరణార్థి పిల్లల బడిలో పాఠాలు చెప్పాడు. తర్వాత కువైట్, ఆపైన బేరూత్. సాయుధ పోరాటాన్ని నమ్మిన పాపులర్ ఫ్రంట్ అనే పాలస్తీనా సంస్థకి అధికార ప్రతినిధి అయ్యాడు. 1972 జూలై 8న బేరూత్‌లో కారు బాంబు పేలి చనిపోయాడు. వయసు 36. ఆ కారులో ఆయన మేనకోడలు కూడా ఉంది.

[తెర మీద: ఎడారి రోడ్డు. దూరంగా నీళ్ళ ట్యాంకర్.]

హైఫా కథకి ముందు ఇంకో నవల గురించి రెండు మాటలు చెప్పాలి. 1963లో వచ్చిన 'ఎండలో మనుషులు'. ముగ్గురు పాలస్తీనియన్లు పని కోసం బస్రా నుంచి కువైట్‌కి దొంగచాటుగా బయల్దేరతారు. చెక్‌పోస్ట్ వచ్చినప్పుడు ఖాళీ నీళ్ళ ట్యాంకులో దాక్కోవాలి. అది ఆగస్టు నెల. ఆఫీసులో గుమస్తాలు డ్రైవర్‌ని సరదా కబుర్లతో ఆపేస్తారు. అతను పరుగున వచ్చి మూత తీసేసరికి ముగ్గురూ పోయారు. ట్యాంకు గోడలు ఎందుకు కొట్టలేదు అన్న డ్రైవర్ ప్రశ్నతో నవల ముగుస్తుంది. దీని మీద 1972లో సినిమా తీసిన తౌఫీక్ సాలిహ్ ఆ ప్రశ్నకు జవాబిచ్చాడు. సినిమాలో వాళ్ళు కొడతారు. ఆఫీసులోని ఏసీల హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినిపించదు.

కనఫానీలో నన్ను కట్టిపడేసేది ఇదే. బాధితుడు కదా అని తన మనిషిని ఆయన ఊరికే వదిలిపెట్టడు. నువ్వేం చేశావని నిలదీస్తాడు.

[తెర మీద: మళ్ళీ ఆ గది. కుర్చీలో మధ్యవయసు స్త్రీ.]

హైఫా ఇంట్లో ఇప్పుడున్న ఆవిడ పేరు మిరియం. పోలండ్ నుంచి వచ్చిన యూదురాలు. తండ్రిని ఆష్విట్జ్ అనే నాజీ మరణశిబిరంలో పోగొట్టుకుంది. పదేళ్ళ తమ్ముణ్ణి జర్మన్ సైనికులు కాల్చి చంపారు. హైఫాకి వచ్చిన కొత్తలో ఒక దృశ్యం చూసింది. చనిపోయిన అరబ్ పిల్లవాణ్ణి యూదు సాయుధులు కట్టెముక్కని విసిరినట్టు ట్రక్కులోకి విసిరేశారు. ఆవిడకి తమ్ముడు గుర్తొచ్చాడు. ఈ దేశం వద్దు, వెళ్ళిపోదామని భర్తతో అంది. కానీ వెళ్ళలేదు. ఆ దంపతులకు ఒక ఇల్లు ఇచ్చారు, ఇంటితో పాటు పెంచుకోవడానికి ఒక బిడ్డనూ ఇచ్చారు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. సొంత ఊరు పోగొట్టుకున్నవాడు, సాయుధ సంస్థ తరఫున మాట్లాడేవాడు, తన ఇల్లు తీసుకున్న మనిషికి ఇంత దుఃఖాన్ని, ఇంత మనసునీ ఇచ్చి రాశాడు. అదీ ఇజ్రాయెల్‌కీ అరబ్ దేశాలకీ మధ్య 1967 యుద్ధం ముగిసి రెండేళ్ళకే.

ఆ బిడ్డ వస్తాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఖల్దూన్. ఇప్పుడతను డోవ్. ఒంటి మీద ఇజ్రాయెల్ సైన్యం యూనిఫాం. కన్నవాళ్ళని చూసి అతను ఏడవడు, కావలించుకోడు. మీరు హైఫా వదిలి వెళ్ళకుండా ఉండాల్సింది అంటాడు. తప్పలేదే అనుకున్నా, పసిబిడ్డను వదిలి ఎలా వెళ్ళారంటాడు. ఆ ఇరవై ఏళ్ళూ తిరిగి రావడానికి ఏం చేశారంటాడు. ఆ మాటలు కొరడాదెబ్బల్లా తగులుతాయి. ఎందుకంటే సయీద్ తనను తాను అడుక్కుంటున్నదీ అవే.

ఆ రెండు ఈకలా? చిన్నప్పుడు డోవ్ ఆడుకుంటూ ఎక్కడో పారేసి ఉంటాడంటుంది మిరియం. సయీద్ ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్న ఇల్లు వేరు, అతని కొడుకు పెరిగిన ఇల్లు వేరు అని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

ముగింపు గురించి దాచకుండా చెబుతాను. సయీద్‌కి ఖాలిద్ అని ఇంకో కొడుకు ఉన్నాడు. తుపాకీ పట్టి పోరాడేవాళ్ళలో చేరతానంటే సయీదే వద్దని ఆపాడు. తిరిగి తాము ఇప్పుడుంటున్న రామల్లాకి వెళ్తూ, మేం వచ్చేలోపు వాడు వెళ్ళిపోయి ఉంటే బాగుండు అనుకుంటాడు. ఒక కొడుకు ఆ సైన్యంలో ఉంటే, ఇంకో కొడుకు దాని మీద పోరాటానికి పోవాలని ఒక తండ్రి కోరుకోవడం నాకు ఈ రోజుకీ మింగుడుపడదు. కానీ అతన్ని అక్కడిదాకా నెట్టినవి ఏమిటో ఆ గదిలో అన్నీ చూశాక, అబద్ధం రాశాడని మాత్రం అనలేను.

[తెర మీద: నాటక వేదిక. ఒకే గది సెట్. నాలుగు కుర్చీలు.]

ఈ కథ నాటకానికే పుట్టిందా అనిపిస్తుంది. ఒకటే గది. ఇద్దరు తల్లులు, ఒక కొడుకు. పుస్తకంలో సయీద్ మనసులో అనుకునేవి వేదిక మీద మౌనాలవుతాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదే పెద్ద గొడవ అవుతుంది.

2008లో టెల్ అవీవ్‌లోని కామెరీ థియేటర్ దీన్ని ఆడింది. నాటకంగా మలిచింది బోవాజ్ గావోన్ అనే ఇజ్రాయెలీ రచయిత. యూదు, అరబ్ నటులు కలిసి నటించారు. నిరసనలు జరిగాయి. 2011లో ఆ ప్రదర్శన వాషింగ్టన్‌కి వెళ్తే అక్కడా అభ్యంతరాలే. నయోమీ వాలెస్, ఇస్మాయిల్ ఖాలిదీ కలిసి చేసిన ఇంకో రూపాన్ని మొదట న్యూయార్క్‌లోని పబ్లిక్ థియేటర్ రాయించుకుంది, కానీ వేదిక ఎక్కించలేదు. చివరికి 2018లో లండన్‌లోని ఫిన్‌బరో అనే చిన్న థియేటర్‌లో ఆడారు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళ కథ తలదాచుకోవడానికి ఊరూరా తిరిగింది.

[తెర మీద: జెనిన్ శరణార్థి శిబిరం. ఇరుకు సందు.]

వెస్ట్ బ్యాంక్‌లోని జెనిన్ శిబిరం 1953లో పెట్టింది. అక్కడున్న కుటుంబాల్లో చాలామంది హైఫా చుట్టుపక్కల, కార్మెల్ కొండల నుంచి వచ్చినవాళ్ళే. సయీద్, సఫియాల ఇరుగుపొరుగు అనుకోండి. ఆ శిబిరం పిల్లల కోసం ఆర్నా మేర్ అనే యూదు మహిళ ఒక నాటకశాల నడిపింది. 2002లో ఇజ్రాయెల్ సైన్యం దాడుల్లో అది కూలిపోయింది. ఆమె కొడుకు జూలియానో మేర్ ఖమీస్ తల్లి యూదు, తండ్రి పాలస్తీనా అరబ్. అతను ఇంకొందరితో కలిసి 2006లో అక్కడే ఫ్రీడమ్ థియేటర్ మొదలుపెట్టాడు. 2011 ఏప్రిల్ 4న ఆ థియేటర్ బయటే అతన్ని కాల్చి చంపారు. థియేటర్ మాత్రం ఆగలేదు. 2015 చివర్లో అక్కడి నటులు మన దేశానికి వచ్చి, ఢిల్లీలోని జన నాట్య మంచ్‌తో కలిసి ఒక వీధి నాటకం కట్టి ఊళ్ళు తిరిగారు.

గాజాది ఇంకో దారి. 2008-09 యుద్ధం తర్వాత రామల్లాలోని అష్తార్ థియేటర్ అక్కడి పిల్లలతో వాళ్ళ అనుభవాలు రాయించింది. పేరు 'గాజా మోనోలాగ్స్'. సరిహద్దు మూసి ఉంది, పిల్లలు బయటికి రాలేరు. అందుకని 2010 అక్టోబర్ 17న వేరే వేరే దేశాల పిల్లలు అదే రోజు ఆ మాటల్ని వాళ్ళ బదులు పలికారు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ తర్వాత గాజా మీద జరిగిన యుద్ధంలో పదుల వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ నవంబర్ 29న లోకమంతా మళ్ళీ అవే మోనోలాగ్స్ చదివింది. 2010లో పిల్లలు రాసిన మాటల్లో ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు.

[తెర మీద: మూసి ఉన్న తలుపు. శబ్దం లేదు.]

2023 డిసెంబర్‌లో ఇజ్రాయెల్ సైనికులు ఫ్రీడమ్ థియేటర్‌లోకి చొరబడ్డారు. నడిపేవాళ్ళను అరెస్ట్ చేశారు. 2025 జనవరిలో మొదలైన సైనిక చర్యతో జెనిన్ శిబిరం దాదాపుగా ఖాళీ అయింది. హైఫా నుంచి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు మళ్ళీ మూటలు కట్టుకున్నారు. శిబిరం బయట, దొరికిన చోట నాటకం వాళ్ళు పిల్లల్ని మళ్ళీ పోగుచేసి, రిహార్సల్స్ మొదలుపెట్టారు.