సెడార్ హిల్ నుంచి మన ఇంటిదాకా: కేబుల్ మానేసిన వారికి యాంటెనా గురించి

సభకు నమస్కారం.

డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్, మెకిన్నీల నుంచి పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. మీలో కొందరు కేబుల్‌నో డిష్‌నో ఇప్పటికే తీసేయించారు. యాంటెనా కొన్నారు, బిగించారు, నాలుగైదు ఛానళ్ళు వచ్చి మిగిలినవి రాకపోయేసరికి అది పనికిరానిదని తేల్చి తిరిగి పెట్టెలో పెట్టేశారు. ఆ పెట్టెలో ఉన్నదాన్ని మళ్ళీ బయటకు తీయించాలన్నదే నా కోరిక. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో బంధుమిత్రుల ఇళ్ళలో యాంటెనాలు బిగిస్తూ నేను చూసినదేమిటంటే, తప్పు యాంటెనాలో ఉండడం అరుదు. దానిని పెట్టిన చోటులోనో, అక్కడి నుంచి టీవీ దాకా వచ్చే తీగలోనో తప్పు ఉంటుంది.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. మన తెలుగు ఛానళ్ళు యాంటెనాలో రావు, వాటికి ఇంటర్నెట్టే దారి. యాంటెనాలో వచ్చేవి డాలస్ స్థానిక స్టేషన్లు గాలిలోకి ఉచితంగా వదిలే ప్రసారాలు: వార్తలు, వాతావరణం, ఫుట్‌బాల్, పిల్లల కోసం పీబీఎస్ అనే ప్రజా ప్రసార ఛానల్. ఇవి లేకపోతే నష్టమేమిటని అడిగేవారికి రెండు రోజులు గుర్తుచేస్తాను. 2019 అక్టోబరు 20 ఆదివారం రాత్రి ఉత్తర డాలస్ మీద టోర్నడో విరుచుకుపడింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయింది. ఆ రెండోసారి మా వీధిలో ఇంటర్నెట్ లేదు, ఫోన్లలో సిగ్నల్ వచ్చిపోతూ ఉంది. మా ఇంట్లో కారు బ్యాటరీకి తగిలించిన చిన్న టీవీ, కిటికీ దగ్గరి యాంటెనా మాత్రం పనిచేశాయి. పక్కింటి వృద్ధ దంపతులు మా హాల్లో కూర్చుని ఏ ప్రాంతానికి కరెంటు ఎప్పుడు వస్తుందో విన్నారు. ఈ విషయం గురించి నలుగురికీ చెప్పాలని నాకు అనిపించింది ఆ రోజునుంచే.

మన ఊళ్ళలో ఎనభైల దశకంలో పెరిగినవారికి యాంటెనా కొత్త కాదు. ఒకరు మిద్దె ఎక్కి గొట్టం తిప్పుతూ ఉంటే, వాకిట్లో ఇంకొకరు, లోపల టీవీ ముందు మరొకరు. పైనుంచి "బొమ్మ వస్తోందా?" అని కేక. కిందనుంచి "చుక్కలు తగ్గాయి, ఇంకొంచెం తిప్పు, ఆ... ఆపు, అక్కడే ఉంచు" అని జవాబు. చేప ముల్లులా ఉండే ఆ యాంటెనాను 1926లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో హిదెత్సుగు యాగి, షింతారో ఉదా రూపొందించారు. ఈనాటికీ ఇంటి కప్పు మీద నిలబెట్టడానికి అంతకు మించిన ఆకారం పెద్దగా రాలేదు. అందుచేత పెట్టె మీద "హెచ్‌డీ యాంటెనా", "డిజిటల్ యాంటెనా" అని ముద్రించి ఉంటే దానికి విలువ ఇవ్వనక్కరలేదు. యాంటెనాకు తెలిసేది తరంగం పొడవు ఒక్కటే. ఆ తరంగం మీద ఏ తరహా ప్రసారం ఎక్కి వస్తోందో దానికి పట్టదు.

మారినది బొమ్మ పాడయ్యే తీరు. 2009 జూన్ 12న అమెరికాలోని పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ప్రసారం ఆపేసి పూర్తిగా డిజిటల్‌కు మారాయి. అనలాగ్‌లో సిగ్నల్ కొంచెం తగ్గితే కొన్ని చుక్కలు, ఇంకా తగ్గితే మరిన్ని చుక్కలు కనిపించేవి. ఆ చుక్కలే మిద్దె మీది మనిషికి దారి చూపేవి. డిజిటల్‌లో అలా ఉండదు. సిగ్నల్ బలం, నాయిస్ (చుట్టుపక్కల నుంచి చేరే విద్యుత్ రొద) కంటే సుమారు 15 డెసిబెల్స్ (బలాలను పోల్చే కొలత) పైన ఉన్నంతసేపూ బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ గీత దాటి కిందికి రాగానే ముక్కలు ముక్కలై, మరుక్షణం నల్లటి తెర మిగులుతుంది. కాబట్టి బొమ్మ బాగుందని చూసి తృప్తిపడితే, మనం గట్టు మీద ఉన్నామో గట్టు అంచున ఉన్నామో తెలియదు. అంచున ఉంటే చెట్లు చిగురించినా, వాన పడినా, ఇంటి ముందు లారీ ఆగినా ఛానల్ పోతుంది. అందుకని టీవీ సెట్టింగుల్లో సిగ్నల్ బలం, సిగ్నల్ నాణ్యత చూపే పేజీ ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకోండి. ఆ రెండింటిలో నాణ్యతే ముఖ్యం. యాంటెనాను జరిపిన ప్రతిసారీ ఐదారు సెకన్లు ఆగి ఆ అంకె చూడండి, ఎందుకంటే టీవీలో ఛానల్‌ను పట్టే భాగమైన ట్యూనర్ తేల్చుకోవడానికి అంత సమయం తీసుకుంటుంది.

ఇక టవర్ల సంగతి. డాలస్, ఫోర్ట్ వర్త్ ప్రాంతపు ప్రధాన స్టేషన్లన్నీ ఒకే దిక్కు నుంచి రావడం మన అదృష్టం. డాలస్‌కు నైరుతిన సెడార్ హిల్ గుట్టల మీద 1,500 అడుగుల పైచిలుకు ఎత్తున్న టవర్లు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. రాత్రి 67వ నంబరు హైవే మీద వెళితే వాటి ఎర్ర దీపాలు కనిపిస్తాయి. అక్కడికి ఇర్వింగ్ నుంచి సూటిగా 15, 16 మైళ్ళు, ప్లేనో నుంచి 35 మైళ్ళ దరిదాపు, ఫ్రిస్కో నుంచి దాదాపు 40, మెకిన్నీ నుంచి 45 దాటి ఉంటుంది. మనలో ఎక్కువమందికి ఆ దిక్కు దక్షిణం, కొద్దిగా పడమరకు ఒరిగి. ఈ ఒక్క సంగతి తెలియక ఉత్తరపు గోడకు యాంటెనా అంటించిన ఇళ్ళు నేను చాలా చూశాను. ఈ తరంగాలు దాదాపు సరళరేఖలో పోతాయి గనుక భూమి వంపు వాటిని ఎక్కడో ఒకచోట అడ్డుకుంటుంది. 1,500 అడుగుల టవరుకు, 30 అడుగుల ఎత్తున్న మన కప్పుకు మధ్య లెక్క వేస్తే ఆ హద్దు 60 మైళ్ళకు కొంచెం అటూ ఇటూ వస్తుంది. "200 మైళ్ళ రేంజి" అని రాసి అమ్మే సరుకు ఏదైనా సరే, ఆ మాట భూమి గుండ్రంగా లేనట్టు చెప్పే మాట.

అన్నింటికంటే ఎక్కువమందిని తికమక పెట్టేది 8వ ఛానల్. టీవీలో కనిపించే నంబరుకు, స్టేషన్ నిజంగా వాడే ఫ్రీక్వెన్సీకి సంబంధం ఉండాలని లేదు. మన దగ్గర 4, 5, 11, 13 నంబర్లతో కనిపించే స్టేషన్లు అలవాటైన పాత నంబర్లను పేరుగా ఉంచుకుని, నిజానికి యూహెచ్ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీల పట్టీలో ప్రసారం చేస్తున్నాయి. యూహెచ్ఎఫ్‌లో 38వ ఛానల్ నుంచి పై భాగాన్ని 2017లో ముగిసిన వేలంలో మొబైల్ కంపెనీలకు అమ్మేశాక, దేశమంతటా స్టేషన్లను 2020 నాటికి 36 లోపలికి సర్దారు. కానీ ఏబీసీ అనే జాతీయ నెట్‌వర్క్ కార్యక్రమాలు ఇచ్చే 8వ ఛానల్ నిజంగానే వీహెచ్ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీల పట్టీలోని 8లో, అంటే 180 నుంచి 186 మెగాహెర్ట్జ్ మధ్య ఉంది. యూహెచ్ఎఫ్ తరంగం పొడవు అర మీటరు పైచిలుకు, 8వ ఛానల్ తరంగం పొడవు సుమారు 1.6 మీటర్లు. కాగితంలా పల్చగా ఉండి కిటికీకి అంటించుకునే చిన్న పలక యాంటెనా మొదటిదాన్ని బాగానే పట్టుకుంటుంది గానీ, రెండోదానికి చాలా చిన్నదైపోతుంది.

మా వదినగారింట్లో సరిగ్గా ఇదే జరిగింది. అన్నీ వస్తున్నాయి, 8 మాత్రం రాదు. ఆవిడ మూడు యాంటెనాలు మార్చారు, మూడూ ఒకే రకం పలకలే. నేను పాతకాలపు రెండు రాడ్ల యాంటెనా తీసుకెళ్ళి, ఒక్కో రాడ్డును టేపుతో కొలిచి పదిహేనున్నర అంగుళాలకు లాగి, రెండింటినీ చెరోవైపు నేలకు సమాంతరంగా పరిచాను. రాడ్ల కొన టవర్ వైపు చూడకూడదు. మనం చేతులు చాచి టవర్‌కు ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉండాలి. అయినా నాణ్యత అంకె నిలవలేదు. అప్పుడు పక్కనే వెలుగుతున్న చవకబారు ఎల్ఈడీ దీపాన్ని ఆపమన్నాను. దీపం ఆరిన క్షణాన అంకె పైకి లేచి అక్కడే నిలబడింది. అలాంటి దీపాలు, ఫోన్ ఛార్జర్లు వీహెచ్ఎఫ్‌లో చాలా నాయిస్ కక్కుతాయి, యూహెచ్ఎఫ్‌లో అంతగా కాదు. యాంటెనా కొనేటప్పుడు వీహెచ్ఎఫ్ హై, అంటే 7 నుంచి 13 వరకూ పట్టుకుంటుందా అని తప్పక చూడండి.

ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు ఆటిక్, అంటే ఇంటి కప్పుకూ పైగది సీలింగుకూ మధ్య ఉండే ఖాళీ. ఎండకూ వానకూ దూరం, బయటకు కనిపించదు, ఇటుక గోడల కంటే ఎత్తు. సలహా మంచిదే, కానీ టెక్సస్‌లో ముందు టార్చిలైటు తీసుకుని పైకి ఎక్కి కప్పు చెక్కల అడుగు భాగం చూడండి. ఇటీవలి ఇళ్ళలో చాలావాటికి వేడి లోపలికి దిగకుండా ఆ చెక్కలకు అల్యూమినియం రేకు అంటించి ఉంటుంది, లైటు వేస్తే వెండిలా మెరుస్తుంది. ఎండ వేడిని తిప్పికొట్టే ఆ రేకే టీవీ తరంగాలను కూడా తిప్పికొడుతుంది. నేను మొదటి ఇంట్లో జూలై ఎండలో మూడు గంటలు ఆటిక్‌లో చెమటలు కక్కుతూ యాంటెనా బిగించి, కిందికి దిగి చూస్తే ఒక్క ఛానల్ రాలేదు. అదే యాంటెనాను వెనక పెరట్లో నిచ్చెనకు కట్టి నిలబెడితే అన్నీ వచ్చాయి. కొత్త కిటికీ అద్దాల మీద కూడా కంటికి కనిపించని లోహపు పూత ఉంటుంది. అలాంటి కిటికీ కంటే దాని పక్కన మామూలు గోడ నయమైన సందర్భాలున్నాయి.

ఇంటి లోపలే పెట్టక తప్పనివారు ఓర్పుతో ఒక్కో అడుగు చొప్పున జరిపి చూడాలి. గోడలకు, పక్కింటి కప్పుకు తగిలి వచ్చే ప్రతిధ్వనులు అసలు తరంగంతో కలిసి ఒకచోట బలపడతాయి, అడుగు దూరంలో ఒకదానినొకటి చంపుకుంటాయి. టీవీ వెనక కంటే మేడ మీది దక్షిణపు గది ఎప్పుడూ మేలు.

వీలున్నవారికి నా సలహా మాత్రం ఇంటి బయటే. కాలనీ సంఘం ఒప్పుకోదని మీలో చాలామంది అనుకుంటున్నారు. 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆధారంగా, ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ చేసిన నియమం ప్రకారం, మీ సొంత ఇంటి మీద, మీకే చెందిన స్థలంలో స్థానిక ప్రసారాల యాంటెనా పెట్టుకోకుండా సంఘం అడ్డుపడకూడదు. అనవసరంగా ఆలస్యం చేయడం, ఖర్చు పెంచడం, సిగ్నల్ చెడేలా షరతులు పెట్టడం కూడా కుదరదు. భద్రతకు సంబంధించిన షరతులు పెట్టవచ్చు. అపార్ట్‌మెంటులో అద్దెకున్నవారికి తాము మాత్రమే వాడుకునే బాల్కనీలో ఈ హక్కు ఉంది, అందరిదీ అయిన కప్పు మీద లేదు. సంఘం నుంచి ఉత్తరం వస్తే కంగారుపడకుండా ఆ నియమం ప్రతి జతచేసి మర్యాదగా జవాబు రాయండి. బయట పెట్టినప్పుడు గొట్టాన్నీ, కేబుల్‌నూ మందపాటి రాగి తీగతో ఇంటి కరెంటు ఎర్త్‌కు కలపడం ఎవరూ మానకూడదు. ఇక్కడి ఉరుములు, పిడుగులు మీకు తెలిసినవే. పాత డిష్ గొట్టం గట్టిగా ఉంటే దాన్నే వాడుకోవచ్చు.

తీగ విషయంలో ఆర్‌జీ-6 రకం టీవీ కేబుల్ తప్ప మరొకటి వద్దు. అందులో కూడా వంద అడుగులకు యూహెచ్ఎఫ్‌లో ఐదారు డెసిబెల్స్ పోతాయి. నాలుగు గదులకు పంచే స్ప్లిట్టర్ మరో ఏడు తింటుంది. గోడల్లో ఉన్న పాత కేబుల్ వాడుకుంటే కంపెనీ లైనును విడదీయాలి, డిష్ వారి స్విచ్ పెట్టెను తీసేయాలి. కనెక్టర్లు విప్పి దగ్గరగా చూడండి. ఒక ఇంట్లో రెండు వారాలు వేధించిన సమస్యకు కారణం వెంట్రుకంత సన్నని ఒక్క పోగు: పై జాలీ నుంచి విడివడి మధ్య రాగి తీగను తాకుతోంది. గోరుతో తీసేస్తే అన్ని ఛానళ్ళూ వచ్చాయి.

యాంప్లిఫయర్‌ను మందులా వాడేవారికి ఒక మనవి. అది సిగ్నల్‌తో పాటు నాయిస్‌ను కూడా పెంచుతుంది, అందువల్ల యాంటెనా దగ్గరే చెడిన సిగ్నల్‌ను బాగుచేయలేదు. తీగలో, స్ప్లిట్టర్‌లో పోయేదాన్ని ముందుగానే పూడ్చడం దాని పని, కాబట్టి అది టీవీ వెనక కాకుండా యాంటెనా పక్కనే ఉండాలి. ఇర్వింగ్‌లో ఉన్నవారికి అది అసలే వద్దు, బలం ఎక్కువై ట్యూనర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. దగ్గరలో మొబైల్ టవర్ ఉంటే దాని సిగ్నల్‌ను ఆపే ఒక ఫిల్టర్ పెడితే చాలు.

ఏటీఎస్సీ 3.0 అనే కొత్త డిజిటల్ ప్రసార పద్ధతి గురించి అడుగుతున్నారు. దానికి వేరే ట్యూనర్ కావాలి, కొన్ని ఛానళ్ళను గుప్తీకరించి పంపడంపై వివాదం నడుస్తోంది. మామూలు ప్రసారాలు వస్తున్నంతకాలం దాని కోసం కొత్త టీవీ కొనవద్దనే చెబుతాను. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇలాంటిది అక్కడ పెట్టుకోవచ్చా అని అడిగితే, దూరదర్శన్ తన పాత భూతల టవర్లను 2022 నాటికి దాదాపు అన్నింటినీ మూసేసిందనీ, అక్కడ ఉచితంగా చూడాలంటే డీడీ ఫ్రీ డిష్ ఉందనీ, అది ఉపగ్రహం నుంచి వచ్చేదనీ చెప్పండి.

ఈ బల్ల మీద ఉన్నది పాతిక డాలర్ల మామూలు యాంటెనా, పక్కన చిన్న టీవీ. ఈ గది కిటికీ తూర్పుకు ఉంది కాబట్టి ముందు అక్కడ పెట్టి అంకె చూద్దాం, తరువాత దక్షిణపు గోడకు తెచ్చి చూద్దాం. ఎవరైనా ఇద్దరు ముందుకు రండి: ఒకరు యాంటెనా పట్టుకోవాలి, ఒకరు తెర మీది అంకె బిగ్గరగా చదవాలి.