గిటార్‌తో పాటు ఒక కాగితం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది గిటార్ భుజాన వేసుకుని వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. ఈ బల్ల మీద ఉన్న గిటార్ నేను చేసింది, అమ్మకానికే తెచ్చాను. చేత్తో చేసిన ఎలక్ట్రిక్ గిటార్‌ని గిటార్ బాగా తెలిసినవాళ్లకు అమ్మేటప్పుడు ఏం చూసుకోవాలో నా అనుభవం చెప్పమన్నారు. మీలో కొందరు ఇప్పటికే ఇంట్లో గిటార్ చేస్తున్నారని తెలుసు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

పేరున్న కంపెనీ గిటార్ అమ్మడం తేలిక. తల మీద, అంటే తీగలు బిగించే మరలుండే కొస మీద, పేరుంటుంది, సీరియల్ నంబరుంటుంది. కొత్తది ఎంతో, రెండేళ్లు వాడింది ఎంతో అందరికీ ఒక అంచనా ఉంటుంది. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ అనగానే 25.5 అంగుళాల స్కేల్ (తీగలో మోగే భాగం పొడవు) అని, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లని (తీగ కదలికని కరెంటు సంకేతంగా మార్చే, ఒకే చుట్ట ఉన్న భాగాలు) చూడకుండానే చెప్పేస్తారు. 1954లో వచ్చినప్పటి నుంచీ దాని మామూలు రూపం అదే. నేను చేసిన గిటార్‌కి ఆ ఆధారం ఏదీ లేదు. లోపల ఏముందో తెలిసినవాడిని నేనొక్కడినే. నేను చెప్పింది నమ్మి కొనాలి, లేదా కొనకూడదు. అందుకే నేను చెప్పేదంతా కాగితం మీద రాసి గిటార్‌తో పాటు ఇస్తాను. ఈ అలవాటు నాకు మొదటి నుంచీ లేదు. ఒక తప్పు చేశాకే వచ్చింది.

నేను చేసిన రెండో గిటార్‌ని విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక అబ్బాయికి అమ్మాను. బాగా వాయిస్తాడు, డబ్బులు కూడబెట్టుకుని కొన్నాడు. ఫ్రెట్లంటే వేళ్లు నొక్కే పలక మీద అడ్డంగా దిగేసిన లోహపు కడ్డీలు. ఆ గిటార్‌లో 14వ ఫ్రెట్ వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేది. రెండో తీగని ఆ చుట్టుపక్కల బెండ్ చేస్తే, అంటే వేలితో పక్కకి లాగితే, స్వరం మధ్యలో చచ్చిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు. ఫ్రెట్లు మళ్లీ సమం చేసే ఓపిక లేక, బ్రిడ్జ్ దగ్గర, అంటే బాడీ మీద తీగలు ఆనే చోట, తీగల్ని కొంచెం పైకి లేపి పంపించేశాను. అలా లేపితే లోపం వినపడదు. నెల తర్వాత అతను తన చేతికి తగ్గట్టు తీగలు కిందికి దించుకున్నాడు, అంతా బయటపడింది. ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు: "అన్నా, ఇది నీకు ముందే తెలుసా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ వారమే రాత్రి రైలెక్కి వెళ్లి, వాళ్లింట్లో కూర్చుని ఫ్రెట్లన్నీ సమం చేశాను. ఆకురాయితో మళ్లీ గుండ్రంగా తీర్చి, పాలిష్ చేసి, కొంత డబ్బు వెనక్కిచ్చాను. వాళ్లమ్మగారు భోజనం పెట్టారు. ఆ అబ్బాయి ఇప్పటికీ ఆ గిటారే వాయిస్తున్నాడు. అయినా ఆ ప్రశ్న గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అక్కడే ఇంకో విషయం చూశాను. హైదరాబాద్‌లో ఎండాకాలం నేను సరిచేసి పంపిన నెక్, అంటే గిటార్ మెడ, సముద్రపు గాలికి కదిలింది. 10 నుంచి 46 గేజ్ (తీగ లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) సెట్ వేస్తే, మామూలు శ్రుతిలో ఆరు తీగలూ కలిసి నెక్‌ని 45 కిలోలకు అటూ ఇటూగా లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికే 1920లలో గిబ్సన్ కంపెనీ నెక్ లోపల బిగించి వదులు చేసుకోగల ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ తెచ్చింది. లాగుడు ఎప్పుడూ ఒకటే ఉన్నా, కలప మాత్రం గాలిలో తేమని బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఫ్రెట్‌బోర్డ్ ఎండి సన్నబడితే ఫ్రెట్ల కొసలు పక్కల నుంచి పొడుచుకొస్తాయి, చెయ్యి జార్చితే గీసుకుంటుంది. వేరే ఊరికి అమ్మేటప్పుడు గిటార్ ఏ వాతావరణంలోకి పోతోందో అడగాలి. కొత్త ఊళ్లో రెండు వారాలు ఉంచి, అప్పుడు ట్రస్ రాడ్ ముట్టుకోమని చెప్పాలి. పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పొద్దని కూడా చెప్పాలి.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. ఈ గిటార్‌కి రాసిందే చదువుతాను.

బాడీ పాత టేకు. పాత ఇల్లు కూల్చినప్పుడు వచ్చిన ద్వారబంధం చెక్క, కలప అడితిలో కొన్నాను. మూడు ముక్కలు అతికించాను. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు, కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడిచాను. మొదట తూచినప్పుడు 4.1 కిలోలు ఉంది, ఆ బరువుతో గంటసేపు నిలబడి వాయిస్తే భుజం పోతుంది. లోపల తొలిచి 3.6 కిలోలకు తెచ్చాను. ఎక్కడ తొలిచానో బొమ్మ గీసి ఉంది, ఎందుకంటే రేపు ఎవరైనా ఇంకో పికప్ పెట్టాలని రంధ్రం చేస్తే తెలియాలి కదా. వెనకవైపు కింద ఒక పాత మేకు రంధ్రం ఉంది. లప్పం పెట్టి కప్పలేదు, అదే టేకు ముక్కతో బిరడా చేసి కొట్టాను, చూస్తే కనిపిస్తుంది.

ఆ రంధ్రం దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఇంగ్లండ్ క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే తన గిటార్‌ని 1963లో, స్కూల్లో చదువుకునే రోజుల్లో, వాళ్ల నాన్న హెరాల్డ్‌తో కలిసి మొదలుపెట్టాడు. నెక్ కోసం పాత ఇంటి నిప్పుగూడు పైన ఉండే మహాగని పలక వాడారు. దానికున్న పురుగు రంధ్రాల్ని అగ్గిపుల్లలతో పూడ్చారు. తీగల శ్రుతిని వణికించే ట్రెమొలోకి ఒక పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు, దాని చేతికర్ర కొసకి అమ్మ అల్లికసూది ముక్క. ఈ వివరాలన్నీ ఇవాళ ప్రపంచానికి తెలుసు, ఆ గిటార్ మీద ప్రేమ వాటి వల్లే పెరిగింది. చేత్తో చేసిన వస్తువులో లోపం ఎక్కడుందో, దాన్ని ఎలా సరిచేశారో చెబితే వినేవాడికి దగ్గరవుతుంది. దాచి, తర్వాత బయటపడితే మాత్రం మోసంలాగే ఉంటుంది.

మిగతాది త్వరగా చదివేస్తాను. నెక్ మహాగని, ఫ్రెట్‌బోర్డ్ ఇరుగుడు, అంటే మన రోజ్‌వుడ్. స్కేల్ 25 అంగుళాలు. నట్, అంటే తల దగ్గర తీగలు ఆనే పట్టీ, వెడల్పు 43 మి.మీ. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కి పట్టి ఏడో ఫ్రెట్ దగ్గర చూస్తే సందు 0.25 మి.మీ. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు లావు తీగకి 1.8, సన్న తీగకి 1.5 మి.మీ. రెండు హంబకర్లు, అంటే రెండేసి చుట్టలున్న పికప్‌లు, మీటర్ పెడితే నెక్ వైపుది 7.6 కిలో ఓములు, బ్రిడ్జ్ వైపుది 8.2. శబ్దం, టోన్ మార్చే పాట్లు 500 కిలో ఓములు, కెపాసిటర్ 0.022 మైక్రోఫారడ్. వైరింగ్ ఫోటో వెనక అతికించాను. పైన లక్క పాలిష్. లక్క ఆల్కహాల్‌కి కరుగుతుంది, కాబట్టి శానిటైజర్ రాసుకున్న చేత్తో దయచేసి పట్టుకోవద్దు. లోపాలు: ఆ మేకు రంధ్రం ఒకటి. నెక్ అడుగున అతుకు దగ్గర చెయ్యి పెడితే తెలిసే చిన్న మిట్ట ఒకటి. అయిదో తీగ మీద ఏడో ఫ్రెట్ స్వరం మిగతావాటికంటే త్వరగా తగ్గిపోతుంది. దాన్ని సరిచేయాలని చాలా ప్రయత్నించాను, పూర్తిగా పోలేదు.

నూరేళ్ల టేకు వల్ల ఈ గిటార్‌కి ప్రత్యేకమైన శబ్దం వచ్చిందని నేను రాయలేదు, గమనించారా? రాస్తే ఇంకో అయిదారు వేలు ఎక్కువ అడగొచ్చు. కానీ ఎలక్ట్రిక్ గిటార్‌లో శబ్దాన్ని ఎక్కువగా తేల్చేది పికప్, తీగ, బ్రిడ్జ్, యాంప్, అన్నిటికంటే వాయించే చెయ్యి అని నా నమ్మకం. 1940 ప్రాంతంలో అమెరికా గిటారిస్ట్ లెస్ పాల్ ఒక నాలుగంగుళాల దిమ్మకి నెక్, పికప్ బిగించి వాయించాడు. చూడటానికి గిటార్‌లా ఉండాలని రెండు పక్కలా గిటార్ రెక్కలు తగిలించాడు, అంతే. కలప ముఖ్యం కాదని నేననను. బరువు, స్థిరత్వం, చేతికి తగిలే హాయి కలప నుంచే వస్తాయి. మీరు అమ్మేటప్పుడు అవి చెప్పండి, మీకు చూపించగలిగినవి మాత్రమే చెప్పండి.

రోజ్‌వుడ్ కొన్న బిల్లు కూడా దాచుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతులన్నిటినీ, అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి తెచ్చారు, దేశం దాటించాలంటే కాగితాలు కావాల్సి వచ్చింది. 2019 నవంబరులో ఆ నిబంధనని, పూర్తిగా తయారైన వాయిద్యాలకు సడలించారు, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం కాదు. పంపే ముందు ఆనాటి నిబంధన చూసుకోవాలి.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. మీరు చేసిన గిటార్ తల మీద పెద్ద కంపెనీ పేరు అతికించి అమ్మకండి. కొనేవాడికి నిజం చెప్పే అమ్మినా వద్దు. అతను రేపు ఇంకొకరికి అమ్ముతాడు, ఆ మూడోవాడికి ఎవరూ చెప్పరు. బాడీ ఆకారం సంగతి వేరు. 2009లో ఫెండర్ తన బాడీ ఆకారాలకి ట్రేడ్‌మార్క్ అడిగితే అమెరికాలో ఇవ్వలేదు. తల ఆకారం, పేరు మాత్రం వాళ్లవే. మీ గిటార్ తలని మీరే గీసుకోండి.

ధర. దీనికి సామాను ఖర్చు 31 వేలు అయింది. ట్యూనర్లు, బ్రిడ్జ్, పికప్‌లు బయటి నుంచి తెప్పించినవి, సగానికి పైగా వాటికే పోయింది. పని 140 గంటలు. గంటకింత అని కూలి కడితే ఈ గదిలో ఎవరూ కొనలేని ధర వస్తుంది. నేను సామాను ఖర్చు మీద కొంత వేసుకుని, ఏడాదిలోపు రెండుసార్లు ఉచితంగా సెటప్ చేసే, అంటే తీగల ఎత్తు, నెక్ సరిచేసే పని కూడా అందులోనే కలిపి 48 వేలు అంటున్నాను. మన గుంపులో "మనవాడే కదా, తగ్గించు" అనడం మామూలే. అలా అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఒకరికి తగ్గించి ఇంకొకరికి తగ్గించకపోతే, కలిసి కూర్చుని వాయించే స్నేహంలో అది ముల్లులా ఉండిపోతుంది. అందుకని ధర కాగితం మీదే రాశాను, అందరికీ ఒకటే.

ఎవరైనా ఫలానాలా చేసిపెట్టమని అడిగితే మాత్రం ముందు వాళ్లు వాయిస్తుంటే చూస్తాను. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎనిమిది తీగల మాండొలిన్‌ని వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కర్ణాటక సంగీతం వాయించారు. గమకం పలకాలంటే తీగ అలా ఉండాల్సి వచ్చింది. చేయించుకునేవాడి సంగీతానికి ఏం కావాలో వాయిద్యం అలా ఉండాలి. ఇది అందరికీ నచ్చాలని మొదలుపెడితే ఎవరి చేతికీ సరిపోదు.

ఇక నేను కూర్చుంటాను. కేబుల్ పెట్టి ఉంది. ముందు యాంప్ లేకుండా వాయించండి, అయిదో తీగ ఏడో ఫ్రెట్ తప్పకుండా నొక్కి చూడండి. వేరే పాత గిటార్‌తో పోల్చుకోవాలంటే మీ గిటార్ కూడా తీయండి. ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. కావాలంటే వారం రోజులు ఇంటికి తీసుకెళ్లండి. కాగితం కేసు మూతలో ఉంది, దాన్ని కూడా తీసుకెళ్లండి.