చిన్నవాళ్లు అడగాలి

అందరికీ నమస్కారం. ఇజ్రాయెల్‌లో పండుగలు ఎలా చేసుకుంటారో చెప్పమని గ్రంథాలయం వాళ్లు అడిగారు. నేను పండితురాలిని కాదు. హైఫాలో ఒక పెద్దావిడ దగ్గర ఆరేళ్లు కేర్‌గివర్‌గా పనిచేశాను, అంతే. మనవలు ఆమెను సావ్తా అనేవాళ్లు, అంటే నానమ్మ. నేనూ అలాగే పిలిచేదాన్ని. కాబట్టి ఒక వంటింట్లోంచి కనిపించినంతే చెబుతాను.

వాళ్లు యూదులు, వాళ్లకు పండుగ ప్రతి శుక్రవారం వస్తుంది. పొద్దుగూకక ముందే కొవ్వొత్తులు వెలిగించాలి. దాంతో మధ్యాహ్నం నుంచే టెన్షన్. ఒకడు స్నానానికి రానంటాడు, ఇంకోడికి ఒక సాక్సు దొరకదు, కోడలు అరుస్తుంటుంది. అంతా మన ఇళ్లలాగే. బల్ల మీద జడలా అల్లిన రెండు రొట్టెలు పెట్టి గుడ్డ కప్పుతారు. మొదటి ప్రార్థన ద్రాక్షారసం మీద చేస్తారు కదా, తన వంతు వెనకబడిందని రొట్టె చిన్నబుచ్చుకోకూడదట. నాలుగేళ్ల మనవడు గుడ్డ అంచు ఎత్తి "ఇంకొంచెంసేపు ఆగు" అని రొట్టెకు చెప్పేవాడు.

తర్వాత తండ్రి పిల్లల తలల మీద చేతులు పెట్టి దీవిస్తాడు. ఆడపిల్లలైతే బైబిల్లోని శారా, రిబ్కా, రాహేలు, లేయాలలా, మగపిల్లలైతే ఎఫ్రాయిము, మనష్షేలలా ఉండాలని. అన్నట్టు, మన గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఆ సంగతి నాకు హైఫా వెళ్లాకే తెలిసింది!

పస్కా పండుగ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆ వారం ఇంట్లో పులిసిన పిండి రేణువు కూడా ఉండకూడదు. పిండికి నీళ్లు తగిలాక 18 నిమిషాల్లోపు కాల్చిన పలుచటి రొట్టెలే తినాలి. సావ్తా వాళ్లది పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం, వాళ్ల ఆచారంలో ఆ వారం బియ్యం కూడా నిషిద్ధం. వారం రోజులు అన్నం లేకుండా! పక్క ఫ్లాట్‌లో ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు, వాళ్లకు బియ్యం తినొచ్చు. మూడో రోజు ఆ కిటికీలోంచి అన్నం ఉడికే వాసన వస్తే నాకు ఏడుపొక్కటే తక్కువ.

పండుగ ముందురోజు రాత్రి పది రొట్టెముక్కలు కాగితాల్లో చుట్టి ఇంట్లో దాస్తారు. పిల్లలు దీపాలార్పి, కొవ్వొత్తి, ఈక పట్టుకుని వెతుకుతారు. దొరికినవి పొద్దున కాల్చేస్తారు. ఒక ఏడు తొమ్మిదే దొరికాయి. పదోది ఎక్కడ పెట్టాడో దాచినవాడికే గుర్తులేదు. తెల్లారి నేను చెప్పు తొడుక్కుంటే కాలికి తగిలింది.

ఇక అసలు రాత్రి. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఫరో అనే రాజు కింద దాస్యం నుంచి యూదులు బయటపడిన కథంతా చదివాకే భోజనం. పిల్లలు ఎప్పుడో నిద్రలో జోగుతుంటారు. అందుకే ఆ రాత్రిని పిల్లల కోసమే తయారుచేశారనిపిస్తుంది. ఒక రొట్టెముక్క దాచేస్తారు, అది దొరకందే భోజనం ముగియదు, పట్టుకున్న పిల్లలు బహుమతి కోసం బేరమాడతారు. పిల్లలు నిద్రపోకుండా ప్రశ్నలడగాలని రబ్బీ అకీవా అనే మతగురువు పేలాలు, అక్రోట్లు పంచేవాడని తల్మూదు అనే యూదుల గ్రంథంలో ఉంది. దాదాపు 1,900 ఏళ్ల కిందటి మాట. కథ మొదలవ్వాలంటే అందరికంటే చిన్నవాళ్లు లేచి "ఈ రాత్రి మిగతా రాత్రుల కంటే ఎందుకు వేరు?" అని అడగాలి. పూజ దగ్గర మావాడిని "ముట్టకు, అవతలికి పో" అని కసిరిన రోజులు గుర్తొచ్చేవి. వాడికప్పుడు ఐదేళ్లు, మా అమ్మ దగ్గరుండేవాడు.

మిగతా పండుగలకూ ఆటలుంటాయి. పర్ణశాలల పండుగకు బాల్కనీలో చుక్కలు కనిపించేలా ఆకుల పందిరి వేస్తారు, పిల్లలు కాగితపు గొలుసులు కడతారు, వారం రోజులు తిండి అందులోనే. హనుక్కాకు ఎనిమిది రాత్రులు దీపాలు, నూనెలో వేయించిన బూరెల్లాంటివి, నాలుగు ముఖాల బొంగరం. దాని మీది అక్షరాలకు "గొప్ప అద్భుతం ఇక్కడ జరిగింది" అని అర్థం. వేరే దేశాల్లోనైతే ఒక్క అక్షరం మారి "అక్కడ" అవుతుంది.

2020లో పస్కా ఏప్రిల్ 8 సాయంత్రం వచ్చింది. కోవిడ్ లాక్‌డౌన్ వల్ల ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటికి వెళ్లే వీల్లేదు. పన్నెండు మంది పట్టే బల్ల దగ్గర సావ్తా, నేను మాత్రమే మిగిలాం. పిల్లలు లేకపోతే ఉన్నవాళ్లలో చిన్నవాళ్లు అడగాలి. ఆమెకు 86, నాకు 33. నా వైపు చూసింది. నేను తెలుగు అక్షరాల్లో రాసిపెట్టుకున్న కాగితం తీసి "మా నిష్తనా హలైలా హజే" అని తడబడుతూ చదివాను. నాలుగు ప్రశ్నలూ అయ్యేదాకా ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు. "మేము ఐగుప్తులో ఫరోకు దాసులం" అని మొదలుపెట్టి, ఏమీ తెలియని పిల్లకు చెప్పినట్టు మొత్తం చెప్పుకొచ్చింది. మధ్యలో ఆగి, నిద్రొస్తోందా అని అడిగి, అక్రోట్ల గిన్నె నా వైపు జరిపింది.