మేష్టారి అబ్బాయి

(డిసెంబరు 3, అంతర్జాతీయ దివ్యాంగుల దినం సందర్భంగా తెనాలిలో జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇప్పటికే చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను. పొద్దున్నే పిల్లల్ని తయారుచేసి, బస్సులెక్కించి తీసుకొచ్చిన అమ్మలకీ నాన్నలకీ, ముందు వరసలో కూర్చున్న మా తమ్ముడు బుజ్జికీ ప్రత్యేకంగా నమస్కారం. బుజ్జీ, ఇటు చూడు నాన్నా. ఆ, చెయ్యి ఊపాడు. ఇక మాట్లాడతాను.

నన్ను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మీద అరగంట మాట్లాడమన్నారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషిని, కాగితాలంటే నాకు భయం లేదు. నోట్‌బుక్కులో రాసుకుని కూడా తెచ్చాను. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, కొత్త చట్టంలో 21 చేశారు. ఆటిజం అన్న మాట అందులో మొదటిసారి చేరింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం ఉన్న కోటాని 4 శాతం చేశారు. ఆ పెంచిన ఒక శాతంలో బుద్ధిమాంద్యం, ఆటిజం లాంటివి ఉన్న మన పిల్లలకి మొదటిసారి వాటా వచ్చింది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ఆరు నుంచి 18 ఏళ్ల వరకూ ఉచితంగా చదువు చెప్పాలి. అది మామూలు బడా, స్పెషల్ స్కూలా అన్నది మన ఇష్టం. ‘మా బళ్లో ఇలాంటివాళ్లు కుదరరండీ’ అని ఏ హెడ్మాస్టరైనా అంటే ఆ మాట చెల్లదు.

ఇంకొకటి రాసుకున్నాను. సెక్షన్ 92. దివ్యాంగుల్ని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు.

ఈ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోతానండి. ఎప్పుడు చదివినా అంతే. మా బుజ్జిని మొదట అవమానించింది బయటివాళ్లు కాదు. మేమే. ఇవాళ ఆ సంగతి చెప్పాలని రాత్రే అనుకున్నాను. చట్టం గురించి మిగతాది చివర్లో చెప్తాను.

బుజ్జి 1971లో ఇంట్లోనే పుట్టాడు. మంత్రసాని వచ్చింది. పేగు మెడలో వేసుకుని పుట్టాడు. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకి గండం అంటారు మనవాళ్లు, తెలుసుగా. ఇల్లంతా హడావుడి. మా మామయ్యని పిలిపించి, గిన్నెలో నూనె పోసి, అందులో బిడ్డ నీడ చూపించే ఏర్పాట్లలో పడ్డారు. నాకప్పుడు అయిదేళ్లు, గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. బిడ్డ ఏడవడం లేదు, ఒళ్లు నీలంగా ఉంది. ఆ నీలం రంగు నాకిప్పటికీ కళ్లలో ఉంది. చాలాసేపటికి ఏడ్చాడు. మామయ్యకి ఏ గండమూ రాలేదు. గండం వీడికొచ్చింది. ఊపిరి అందని ఆ కాసేపట్లో మెదడుకి దెబ్బ తగిలిందని మాకు పదిహేనేళ్ల తర్వాత గానీ తెలియలేదు. ఆ పదిహేనేళ్లూ అమ్మ గ్రహణంలో కూరగాయలు తరిగిందని కొందరు, పూర్వజన్మ పాపమని కొందరు అన్నారు. అందరూ అమ్మనే అన్నారు.

మా నాన్నగారు సర్కారు బళ్లో మేష్టారు. 1986లో ఎవరో చెబితే బుజ్జిని తీసుకుని సికింద్రాబాద్ వెళ్లారు. అక్కడ బోయినపల్లి దగ్గర కేంద్ర ప్రభుత్వం 1984లో పెట్టిన సంస్థ ఉంది, మనోవికాస్ నగర్‌లో. అప్పట్లో దాన్ని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ అనేవారు. వాళ్లు రెండు రోజులు పరీక్షలు చేసి, ‘ఇది జబ్బు కాదు మేష్టారూ, మందు లేదు, నేర్పితే నేర్చుకుంటాడు’ అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నాన్నగారు తిరిగొచ్చారు. రాగానే బుజ్జి మెడలోని తాయెత్తులన్నీ తీసేశారు.

చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పారు. ఎలాగో చెప్తాను, ఇది మీ అందరికీ పనికొస్తుంది. మామూలుగా మనం మొదటి గుండీ నుంచి నేర్పుతాం. వాడు రెండోదానికే విసిగిపోతాడు, మనం లాక్కుని పెట్టేస్తాం. నాన్నగారు అన్ని గుండీలూ తనే పెట్టి, చిట్టచివరిది మాత్రం వదిలేసేవారు. ఆ ఒక్కటీ బుజ్జి పెట్టాలి. పెడితే చొక్కా వేసుకోవడం పూర్తయినట్టే, పని ముగించింది వాడే. అది వచ్చాక రెండు వదిలేశారు, తర్వాత మూడు. ఆరు గుండీలకి నాలుగు నెలలు పట్టింది. ఆరూ వచ్చిన రోజు వీధి అరుగు మీద నిలబడి పోయేవాళ్లందరికీ చొక్కా చూపించాడు. అప్పటికి వాడికి పదిహేనేళ్లు.

రెండేళ్లకి, 1988లో, నాకు పెళ్లిచూపులు.

గుంటూరు నుంచి పిల్లాడివాళ్లు వస్తున్నారు. ముందురోజు రాత్రి మా పెద్దత్తయ్య నాన్నగారితో అంది: ‘అన్నయ్యా, పిల్లవాణ్ణి రేపు కాసేపు పక్కింట్లో ఉంచు. చూశారంటే వంశంలోనే ఉందేమో అనుకుంటారు.’ నాన్నగారు మాట్లాడలేదు. అమ్మ మాట్లాడలేదు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, నేనూ మాట్లాడలేదు.

ఇంటికి చుట్టాలొస్తున్నారని బుజ్జికి తెలుసు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తీసుకుని, ఆరు గుండీలూ తనే పెట్టుకుని, తల దువ్వుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. ‘అక్కా, బాగుందా?’ అన్నాడు. బాగుందన్నాను. పదింటికి పక్కింటి పిన్నిగారు జంతికలు పెడతానని పిలిచి తీసుకెళ్లింది. బయట గొళ్లెం పెట్టారు.

నేను చాప మీద కూర్చున్నాను. పాట వచ్చా అని అడుగుతున్నారు. గోడ అవతల నుంచి తలుపు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. గట్టిగా కొట్టడం కాదండి. ఎవరింటికో వెళ్లినప్పుడు మర్యాదగా కొడతామే, అలా. కాసేపు ఆపుతాడు, మళ్లీ కొడతాడు. నాన్నగారికి వినిపిస్తోంది. ఆయన మొహం నేను చూశాను. ఆ చప్పుడేమిటని వచ్చినవాళ్లలో ఒకావిడ అడిగింది. పక్కింట్లో వడ్రంగి పని జరుగుతోందని చెప్పింది మా అత్తయ్య.

సంబంధం కుదిరింది. పెళ్లిలో కూడా బుజ్జిని విడిదింటి దాకా రానివ్వలేదు. పెళ్లయ్యాక నెల తిరక్కుండా నేనే మా ఆయనతో చెప్పేశాను, ఇక దాచుకోలేక. ఆయన చాలాసేపు ఊరుకుని, ‘బావమరిది ఉన్నాడని చెప్పడానికి ఇంత భయపడ్డారా మీరు?’ అన్నారు. మర్నాడే తెనాలి వచ్చి, బుజ్జిని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్లారు. ఇద్దరూ సాయంత్రం దాకా రైళ్లు చూసి వచ్చారు. అప్పుడు మొదలైంది బుజ్జికి రైళ్ల పిచ్చి. తెనాలి జంక్షన్ గదా, విజయవాడ నుంచి వచ్చేవి, మద్రాసు పోయేవి, గుంటూరువి, రేపల్లెవి. కొన్నాళ్లకి మేం ఇక్కడికే బదిలీ మీద వచ్చేశాం. ఇవాళ్టిదాకా జ్వరం వస్తే తప్ప సాయంత్రం స్టేషన్‌కి వెళ్లకుండా లేడు.

అమ్మలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. వెనక కుర్చీల్లోవాళ్లు కూడా.

ఒకసారి బుజ్జి తప్పిపోయాడు. స్టేషన్లో నిలబడి చూసేవాడు రేపల్లె ప్యాసింజర్ ఎక్కేశాడు. ఇక్కడ మేం వెతుకుతున్నాం, అమ్మకి కాళ్లూ చేతులూ ఆడడం లేదు. బండి వేమూరు దాటింది, భట్టిప్రోలు దాటింది, రేపల్లెలో అందరూ దిగిపోయారు. వీడు దిగలేదు. అదే బండిలో వేరుశనక్కాయలు అమ్ముకునే ఒక పెద్దావిడ, ఖాళీ బుట్ట పట్టుకుని పెట్టెలోంచి వస్తూ చూసింది. ‘మా మేష్టారి బుజ్జిబాబు గదా! ఎవరితో వచ్చావయ్యా?’ అంది. ఆవిడ మాకు చుట్టం కాదు, మా వీధి కాదు. రోజూ ప్లాట్‌ఫాం మీద వీడి చేతిలో నాలుగు కాయలు పెట్టి పోయే మనిషి, అంతే. ఇడ్లీ తినిపించి, చెయ్యి పట్టుకుని, తిరుగు బండిలో తీసుకొచ్చి మా గుమ్మం దగ్గర దించింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

గొళ్లెం వేసి పెంచి ఉంటే వాడెవడో ఆవిడకి ఎలా తెలిసేది? నేనీ మాట వందసార్లైనా అడుగుతాను. ఊరు ఎరగని పిల్లవాడు తప్పిపోతే పిచ్చోడని రాళ్లేస్తారు. ఊరు ఎరిగిన పిల్లవాడైతే ఇంటికి తెచ్చి దించుతారు.

ఇక నా రెండో బాధ చెప్పి కూర్చుంటాను. నాన్నగారు పోయాక ఆయన పెన్షన్ అమ్మకి వచ్చేది. ప్రభుత్వ ఉద్యోగి బిడ్డ మానసిక వైకల్యం వల్ల సొంతంగా సంపాదించుకోలేకపోతే, తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. కానీ దానికి గార్డియన్ కాగితం కావాలి. 18 నిండాక చట్టం దృష్టిలో వాడు మేజరు. కన్నతల్లి కూడా వాడి తరఫున సంతకం పెట్టడానికి వీల్లేదు. అందుకే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికీ. జిల్లాలో కలెక్టరు ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెడితే గార్డియన్‌ని నియమిస్తారు. కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు.

అమ్మ ఉండగానే ఆ పని చేద్దామని ఎన్నోసార్లు ఎత్తాను. ఎత్తినప్పుడల్లా అమ్మ ఏడ్చేది. ఆ ఫారం నింపడమంటే తను పోతానని ఒప్పుకోవడమే. నేనూ వదిలేశాను. 2017లో అమ్మ పోయింది. పెన్షన్ ఆగిపోయింది. పద్నాలుగు నెలలు తిరిగాను.

ఒక ఆఫీసులో మనిషిని తీసుకురమ్మన్నారు, తీసుకెళ్లాను. మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. చివరికి గుమాస్తా, ‘ఏం పేరు నీది? నువ్వెవరివి?’ అన్నాడు. బుజ్జి లేచి నిలబడ్డాడు. చొక్కా కింది గుండీ ఊడితే పెట్టుకున్నాడు. ‘నేను మేష్టారి అబ్బాయిని’ అన్నాడు. పక్క సీటాయన నవ్వాడు. ‘ఇది చాలదమ్మా, రుజువు తేవాలి’ అన్నాడు గుమాస్తా.

తర్వాత గార్డియన్ దరఖాస్తు మీద విచారణకి ఒకాయన మా ఇంటికి వచ్చారు. ఈ మనిషిని ఎవరు చూసుకుంటున్నారని ఇరుగుపొరుగుని అడిగారు. మంగలి చెప్పాడు. స్టేషన్ దగ్గర టీ కొట్టతను చెప్పాడు. ఆనాడు గొళ్లెం పెట్టిన పక్కింటి పిన్నిగారు, ఎనభై ఏళ్ల వయసులో కర్ర పట్టుకుని వచ్చి చెప్పింది. బుజ్జి ఎవరో ఆఫీసులో నిరూపించలేకపోయాను, మా వీధి నిరూపించింది.

ఇప్పుడు ఒక్క నిమిషం. 18 దాటిన బిడ్డలున్న అమ్మానాన్నలు చెయ్యెత్తండి. చాలామంది ఉన్నారు. దించకండి. గార్డియన్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు మాత్రం ఎత్తి ఉంచండి, మిగతావాళ్లు దించండి.

చూడండి. నాలుగు చేతులు.

అమ్మా, మీరు ఏడవొద్దు. మా అమ్మ కూడా ఇలాగే ఏడ్చేది. ఫారం నింపినంత మాత్రాన ఎవరూ పోరు. మీతో పాటు ఇంకో పేరు కూడా ఉంటుంది, అంతే. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ, మీతో ఒక మాట. అమ్మానాన్నలు అడగలేరు. ‘మీ తర్వాత నేను చూసుకుంటాను, ఇప్పుడే రాయించండి’ అని మీరే ఎత్తండి.

మిగతావి త్వరగా చెప్తాను. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చూసి ప్రభుత్వం ఇచ్చే కాగితం, లేనివాళ్లు ముందు అది చేయించుకోండి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు, దానికి ఆ కాగితమే ఆధారం. మన పిల్లలకి నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల దాకా, థెరపీకి కూడా వర్తిస్తుంది. రైల్లో స్లీపర్ క్లాసుకి 75 శాతం రాయితీ, తోడు వచ్చేవాళ్లకి కూడా. ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్లు మీ సర్వీసు కాగితాల్లో కుటుంబ సభ్యుల పట్టిక తీయించి, బిడ్డ పేరు, వైకల్యం అందులో రాసి ఉన్నాయో లేదో ఈ వారంలోనే చూసుకోండి.

సంఘం వాళ్లకి నాదొక కోరిక. ఇలాంటి సభలు హాల్లో పెట్టకండి. నెలకోసారి మన పిల్లలందర్నీ సంతకీ, పోస్టాఫీసుకీ, స్టేషన్‌కీ తీసుకెళదాం. కూరగాయలు వాళ్లనే కొననిద్దాం. చిల్లర తప్పు లెక్కపెడితే పెట్టనీండి. కొట్టతనికి వాళ్ల పేరు తెలియాలి. మొదటి ఆదివారం నుంచే మొదలుపెడదాం, నేనూ బుజ్జీ వస్తాం.

గార్డియన్ దరఖాస్తు ఫారాలు యాభై తెచ్చాను, ఆ కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. ఆధార్, సదరం కాగితం, ఫోటోలు ఉన్నవాళ్లు ఇప్పుడే రండి, దగ్గరుండి నింపిస్తాను. లేనివాళ్లు ఫారం ఇంటికి తీసుకెళ్లండి. సాయంత్రం అయిదింటి దాకా ఇక్కడే ఉంటాను. ఆ తర్వాత ఉండలేను, రేపల్లె బండి వచ్చే వేళకి బుజ్జిని స్టేషన్‌కి తీసుకెళ్లాలి.