వైజాగ్ ఉప్పు గాలిలో కామిక్స్ దాచడం: స్టోరేజ్ కిట్ రెండు నెలలు వాడాక

అందరికీ నమస్కారం. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ తెల్ల అట్టపెట్టె, వంద ప్లాస్టిక్ కవర్లు, పుస్తకం వంగకుండా వెనక పెట్టే వంద అట్టలు, చెమ్మ పీల్చే సిలికా ప్యాకెట్లు గుప్పెడు, అన్నీ కలిపి కామిక్స్ దాచుకునే కిట్. అమ్మేవాళ్లే ఫ్రీగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్లకి ముందుగా చూపించలేదు. కొలతలు, మందం, రేటు మీరు ఈపాటికి వేరేచోట చూసే ఉంటారు, నేను వాటి జోలికి వెళ్లను. జూలై, ఆగస్టు రెండు నెలలూ పెదవాల్తేరులో మా ఇంట్లో వాడాను. సముద్రం మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. కొన్న ఏడాదికే గేటు తుప్పు పట్టే చోటన్నమాట. ఇక్కడ ఈ కిట్ ఎలా పనిచేసిందో చెబుతాను.

ముందు ఒక మాట. ఈ మధ్య చాలామంది "అన్నా, సూపర్‌హీరో కామిక్స్ కొని పెట్టుకుంటే పదేళ్లలో డబ్బులొస్తాయా" అని అడుగుతున్నారు. 1938లో 10 సెంట్లకి అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించింది అందులోనే, 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకి పోయింది. ఆ వార్త చూసి అందరికీ ఆశ పుట్టింది. కానీ అది అంత పలకడానికి కారణం, అప్పట్లో దాన్ని ఎవరూ దాచకపోవడం. పిల్లలు చదివారు, చించారు, యుద్ధం రోజుల్లో పాత కాగితాలకి వేసేశారు. 1990ల్లో కథ తిరగబడింది. అందరూ దాచడం మొదలుపెట్టారు. 1991లో ఎక్స్-మెన్ మొదటి సంచిక ఐదు రకాల ముఖచిత్రాలతో వచ్చి దాదాపు 80 లక్షల కాపీలు అమ్ముడుపోయింది. 1992 నవంబర్‌లో సూపర్‌మ్యాన్ చనిపోయే 75వ సంచికని నల్ల కవర్లో పెట్టి అమ్మారు. కవరు విప్పకుండా దాచినవాళ్లు లక్షల్లో ఉన్నారు. నేనూ ఒకటి కొన్నాను. ఆన్‌లైన్‌లో ఒకాయన "చాలా అరుదు సర్" అంటే నమ్మి, అసలు విలువకి నాలుగు రెట్లు ఇచ్చాను. ఇప్పటికీ విప్పలేదు. అది ఎప్పుడైనా ధర పలుకుతుందన్న ఆశ కూడా లేదు.

మరి ఈ కాలం కామిక్స్‌లో ధర పలికేది ఏది? ఒక పాత్ర మొదటిసారి కనిపించిన సంచిక, అది కూడా తక్కువ కాపీలు వేసింది. ఉదాహరణకి 2011లో వచ్చిన అల్టిమేట్ ఫాలౌట్ 4వ సంచిక, అందులోనే మైల్స్ మొరాలెస్, అదే పీటర్ పార్కర్ తర్వాత స్పైడర్-మ్యాన్ అయిన కుర్రాడు, మొదటిసారి వస్తాడు. లేదంటే, షాపువాళ్లు 25 కాపీలు ఆర్డర్ పెడితే ఒక్కటి ఇచ్చే ప్రత్యేక ముఖచిత్రం కాపీ. ఏదైనా చివరికి కాపీ ఎంత కొత్తగా ఉందన్న దగ్గరికే వస్తుంది. అమెరికాలో సీజీసీ లాంటి సంస్థలు 0.5 నుంచి 10 దాకా మార్కులు వేస్తాయి. అందరూ కోరుకునేది 9.8. స్పైన్ దగ్గర, అంటే పుస్తకం పిన్నులు కొట్టిన మడత దగ్గర, వెంట్రుక మందాన రెండు మూడు తెల్ల గీతలు పడితే చాలు, అది 9.8 కాదు. ధర కూడా దాంతోపాటే దిగిపోతుంది. అందుకే నా దృష్టిలో మన ఊళ్లో కామిక్స్ మీద పెట్టుబడి అంటే, ఏది కొన్నామన్నదానికంటే ఎలా దాచామన్నదే పెద్ద ప్రశ్న.

ఇది నాకు అనుభవంతో తెలిసింది. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. స్పైడర్-మ్యాన్ ఇండియా, గోథమ్ కామిక్స్ వాళ్లు మన దేశంలో 2004లో వేసింది. పీటర్ పార్కర్ బదులు పవిత్ర్ ప్రభాకర్ అనే ముంబై కుర్రాడు, పంచె కట్టుకుని మేడల మీద దూకుతుంటాడు. నాలుగు సంచికలు. కాలేజీ రోజుల్లో బస్సు డబ్బులు మిగిల్చి కొన్నాను. అమెరికాలో మార్వెల్ వేసింది కూడా దీని తర్వాతే. 2023లో యానిమేషన్ సినిమాలో పవిత్ర్ కనిపించాక కలెక్టర్లు ఈ సంచికల కోసం వెతకడం మొదలుపెట్టారు.

నా నాలుగూ ఎలా ఉన్నాయో చూడండి. ఇక్కడ, మధ్య పేజీలో పిన్ను. పిన్ను చుట్టూ గోధుమరంగు వలయం కనిపిస్తోందా? తుప్పు. కాగితంలోకి దిగిపోయింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది. ఇవి బీరువా కింది అరలో, మామూలు పాలిథిన్ కవర్లో ఉన్నాయి. కరెంటు వచ్చేసరికి చాలా రోజులు పట్టింది, ఫ్యాను కూడా లేదు. నీళ్లు నేరుగా తగల్లేదు, చెమ్మ ఒక్కటే చేసిన పని ఇది. పేజీలు అప్పడాల్లా వంకరపోయాయి. అమ్మ వాటి మీద గ్రైండర్ రాయి పెట్టి సాపు చేయాలని చూసింది. కొంచెం సాపయ్యాయి. తుప్పు మాత్రం పోలేదు. అసలు హుద్‌హుద్ రాకపోయినా మన ఊరి గాలి ఇదే పని నెమ్మదిగా చేసి పెట్టేది.

ఇక కిట్‌కి వద్దాం. అట్టపెట్టె అంటే నాకు ప్రాణం అయిపోయింది. ఇంతకుముందు నేను వాడింది ప్లాస్టిక్ డబ్బా, మూత బిగిస్తే గాలి చొరనిది. మంచిదే అనుకున్నాను. వానాకాలంలో సర్ది మూత పెట్టాను, ఆ రోజు గాలిలో ఉన్న చెమ్మంతా కామిక్స్‌తో పాటే లోపల ఇరుక్కుపోయింది. నెల తిరక్కుండా బూజు వాసన. ఈ అట్టపెట్టెలో కొంచెం గాలి ఆడుతుంది. నూట యాభై దాకా పుస్తకాలు నిలువుగా పడతాయి, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి, వంగవు. పడుకోబెట్టి దొంతరగా పేర్చేవాళ్లు దయచేసి మానేయండి, అడుగున ఉన్నవాటి స్పైన్ నలిగిపోతుంది. ఇంకో మాట. పెట్టె నేల మీద పెట్టొద్దు, బయటి గోడకి ఆనించొద్దు. నేను లోపలి గదిలో చెక్క స్టూలు మీద పెట్టాను.

అట్టలు కూడా బాగున్నాయి. నునుపుగా మెరిసే వైపు కామిక్‌కి తగిలేలా పెట్టాను. రెండు నెలల్లో పసుపు తిరగలేదు, రెండు నెలలకి తిరక్కూడదు కూడా. నేనైతే మూడేళ్లకోసారి మారుస్తాను. కవర్లు పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వి, అద్దంలా ఉన్నాయి. బాగా విలువైనవి ఉంటే మాత్రం ఖర్చెక్కువైనా మైలార్ అనే పాలియెస్టర్ ప్లాస్టిక్ కవర్లకి వెళ్లండి.

ఇప్పుడు నా కోపం చెబుతాను. కవరు మూతి దగ్గర మడిచే రెక్క ఉంది కదా, దాని మీదే జిగురు పట్టీ వేశారు. పై కాగితం ఊడదీస్తే జిగురు. పుస్తకం లోపలికి వెళ్లేటప్పుడు గొడవ లేదు. బయటికి తీసేటప్పుడు రెక్క వెనక్కి వాలి, పుస్తకం ముఖచిత్రం మీద పైన కుడి మూలకి తగులుతుంది. తగిలిందంటే రంగు ఊడి జిగురుతో వచ్చేస్తుంది. ఇదిగో, ఈ బ్యాట్‌మ్యాన్ సంచిక మూల చూడండి, గోరంత తెల్ల మచ్చ. రెండో వారంలో, ఎంతో జాగ్రత్తగా తీస్తుండగానే అయింది. అదృష్టం కొద్దీ మామూలు సంచిక. అదే అల్టిమేట్ ఫాలౌట్ అయ్యుంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. పుస్తకాన్ని కాపాడాల్సిన కవరే పుస్తకాన్ని చెడగొడితే ఎలా? ఆ జిగురు పట్టీ రెక్క మీద కాకుండా కవరు ఒంటి మీద వేసేవాళ్లున్నారు. అప్పుడు తీసేటప్పుడు జిగురు పుస్తకానికి దూరంగా ఉంటుంది. ఇంత చిన్న విషయం కలెక్టర్లకి అమ్మేవాళ్లకి తెలియాలి.

సిలికా ప్యాకెట్లు తెల్లవి. తడి పీల్చి నిండిపోయాయో లేదో చూస్తే తెలియదు. వానాకాలంలో మన దగ్గర అవి కొద్ది రోజుల్లోనే నిండిపోతాయి. నారింజ రంగువి కొనండి. తడి పీల్చాక ఆకుపచ్చగా మారతాయి, ఎండబెట్టి వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి.

నేను చేసేది ఇది. జనవరి, ఫిబ్రవరిలో ఎండ ఉన్న రోజు, లేదా ఏసీ గంటసేపు వేసి గది ఆరాక, చేతులు కడిగి తుడుచుకుని సర్దుతాను. రెక్కని జిగురుతో అంటించను, అట్ట వెనక్కి మడిచి దోపుతాను.

కొనాలా వద్దా అంటే, పెట్టె, అట్టలు విడిగా దొరికితే కళ్లు మూసుకుని కొనండి. కిట్ మొత్తంగా మాత్రం ఇప్పుడు వద్దంటాను, ఆ జిగురు కోసమే. పంపినవాళ్లకీ ఇదే రాశాను: పట్టీ చోటు మార్చండి, తర్వాతి వంద నేనే డబ్బులిచ్చి కొంటాను అని. ఇప్పటికే కొన్నవాళ్లు కత్తెర తీసుకుని, పై కాగితం ఊడదీయకముందే ఆ పట్టీని కత్తిరించేయండి. నా దగ్గర ఇంకా అరవై కవర్లున్నాయి, ఈ రాత్రి ఆ పనే.