ప్లాట్‌ఫారానికీ పెట్టెకూ మధ్య జానెడు

సభకు నమస్కారం. చెన్నై సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్సు స్టేషనులో ఎక్కి సూళ్లూరుపేట దాకా పోయే లోకల్ రైలును ఎరగని తెలుగువారు చెన్నైలో అరుదు. ఆరంబాక్కం దాటి తడలో ఆగేసరికి ఊరి గోడల మీద రాతలు తెలుగులోకి మారిపోతాయి. తడ దగ్గరి పారిశ్రామికవాడ శ్రీసిటీలో పనిచేసేవారు పొద్దున్నే అటు పోతే, చెన్నైలో చదువుకునేవారు, కూలికి వచ్చేవారు, ఆసుపత్రికి వచ్చేవారు ఇటు వస్తారు. నేను ఉద్యోగ జీవితమంతా ఓహెచ్‌ఈ విభాగంలో, అంటే పట్టాల పైన కట్టే కరెంటు తీగల పనిలో గడిపినవాణ్ని. ఆ తీగతోనే మొదలుపెట్టి, ప్లాట్‌ఫారానికీ పెట్టెకూ మధ్య ఉన్న ఎత్తు తేడా దాకా వస్తాను.

దేశంలో తొలి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడిస్తే, ఆరేళ్లకే, 1931 మే 11న, మద్రాసు బీచ్ నుంచి తాంబరం వరకు మీటర్ గేజి లైనులో 1,500 వోల్టుల డీసీ కరెంటుతో రైళ్లు మొదలయ్యాయి. లోకల్ రైళ్లకే ముందుగా కరెంటు ఎందుకు పెట్టారంటే, ఈ లైనులో స్టేషన్లు సగటున రెండు కిలోమీటర్ల లోపే ఒకటి చొప్పున ఉంటాయి. వేగం అందుకున్న నిమిషానికే బ్రేకు వేయాలి, ఆగిన అర నిమిషానికే మళ్లీ కదలాలి. పొగబండికి అది తలకు మించిన పని. పైగా చివరి స్టేషనులో ఇంజనును విప్పి, పక్క లైను మీదుగా తిప్పి, రెండో కొసకు తగిలిస్తే గాని తిరుగు ప్రయాణం లేదు. కరెంటు రేకులో (ఒక బండిగా కూర్చిన పెట్టెల వరుసను రైల్వేలో రేకు అంటాం) మోటార్లు పలు పెట్టెల కింద ఉంటాయి కనుక లాగుడు బలం ఎక్కువ. మోటర్‌మన్, అంటే లోకల్ నడిపే డ్రైవరు, తన సంచి భుజాన వేసుకుని ఈ కొసనుంచి ఆ కొసకు నడిచి వెళితే చాలు, రైలు తిరుగు ప్రయాణానికి సిద్ధం.

1960లలో ఆ లైనును 25,000 వోల్టుల ఏసీ కరెంటుకు మార్చారు. అదే శక్తిని ఎక్కువ వోల్టేజిలో పంపితే తీగలో పారే కరెంటు ఆ మేరకు తగ్గుతుంది. తీగ సన్నబడుతుంది, సబ్‌స్టేషన్లను దూరదూరంగా కట్టుకోవచ్చు. సూళ్లూరుపేట వైపు పోయే మన ఉత్తరపు లైనులో గుమ్మిడిపూండి దాకా 1979లో తీగ పడింది, 1980 నాటికి విజయవాడ దాకా మొత్తం లైను కరెంటుకు మారింది. మీటర్ గేజి లోకళ్లు 2004 జులైతో సెలవు తీసుకున్నాయి. అంటే, చెన్నై లోకల్‌కు కరెంటు తేవడం అనే పని ఎప్పుడో ముగిసింది. త్రీ ఫేజు మోటార్లున్న కొత్త రేకులు ఇంకొక మెట్టు ఎక్కాయి: బ్రేకు వేసినప్పుడు వాటి మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటును తిరిగి తీగలోకి పంపుతాయి. మాంబళంలో ఆగుతున్న రైలు ఇచ్చే కరెంటుతో పక్క స్టేషను కోడంబాక్కంలో ఇంకొక రైలు కదలవచ్చునన్న మాట నన్ను ఇప్పటికీ పులకింపజేస్తుంది.

అయితే గత సంవత్సరం ఉత్తరపు లైనులో ఒక చిన్న స్టేషనులో నేను చూసినది చెప్పాలి. కాలికి ఊతగా కాలిపర్ అనే లోహపు పట్టీ కట్టుకున్న ఒకాయన రైలు కోసం నిలబడి ఉన్నాడు, పక్కన భార్య. రైలు ఆగగానే ఆమె ముందు చంకకర్రలు రెండూ లోపలికి విసిరేసింది. ఆయన తలుపు మధ్య కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, మంచి కాలు గడప మీద మోపి, ఒంటిని పైకి లాగుకున్నాడు. కాలిపర్ కాలు ఇంకా బయటే ఉండగా బండి కదిలింది. లోపలివాళ్లు చొక్కా పట్టి లాగారు. ఆమె పరుగెత్తి పక్క తలుపులో ఎక్కింది. ఆ కర్రలు విసిరిన తీరులో తత్తరపాటు లేదు. అది వారికి రోజూ ఉండే పని.

ఎత్తైన ప్లాట్‌ఫారం అని మనం పిలిచేది పట్టా నుంచి 760 మొదలు 840 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. లోకల్ పెట్టె నేల దానికంటే జానెడుకు మించి పైన ఉంటుంది. మెట్రోలో ఈ తేడా లేదు, ఎందుకంటే అక్కడ రైలునూ ప్లాట్‌ఫారాన్నీ ఒకదానికొకటి సరిపోయేలా గీసుకున్నారు. మనకు అదే పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు కూడా పోవాలి గనుక ప్లాట్‌ఫారాన్ని ఇష్టం వచ్చినంత ఎత్తలేం, నిజమే. కాని లోకళ్లకే కేటాయించిన లైన్లలో ఆ అడ్డంకి తక్కువ. ముంబైలో 2014లో ఒక అమ్మాయి ప్లాట్‌ఫారానికీ పెట్టెకూ మధ్య సందులో జారిపడి రెండు చేతులూ పోగొట్టుకున్నాక, లోకల్ ప్లాట్‌ఫారాలను 900 మిల్లీమీటర్లకు పైగా ఎత్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రవాణా అందరికీ అందుబాటులో ఉండాలంటున్నది. ఇక్కడ ఇంకొక ప్రమాదం జరిగేదాకా ఆగవలసిన పని లేదు.

2025 ఏప్రిల్ 19న బీచ్–చెంగల్పట్టు లైనులో మొదటి ఎయిర్‌కండిషన్డ్ (ఏసీ) లోకల్ నడిచింది. పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లోనే తయారైన పన్నెండు పెట్టెల రేకు అది. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణం ఏమి చేస్తుందో 2018 జులైలో పరంగిమలై స్టేషనులో అలా వేలాడుతున్నవారు గోడకు కొట్టుకుని చనిపోయినప్పుడు చూశాం కాబట్టి ఆ తలుపులను నేను చేతులెత్తి ఆహ్వానిస్తాను. కాని ఏసీలో కనీస టికెట్టు 35 రూపాయలు, మామూలు లోకల్‌లో 5 రూపాయలు. కూలికి వచ్చే మనిషికి ఆ తలుపు మూసి ఉన్నట్టే లెక్క. 2025 జూన్‌లో ముంబై దగ్గర ముంబ్రాలో లోకళ్ల తలుపుల దగ్గర వేలాడుతున్నవారు కింద పడిపోయిన ప్రమాదం తరువాత ఏసీ లేకుండానే తలుపులు మూసుకునే లోకల్ పెట్టెను తెస్తామని రైల్వే ప్రకటించింది. తలుపులకు గాలి చొరబడే సందులు, పైకప్పులోంచి గాలిని తెచ్చే ఏర్పాటు, పెట్టె నుంచి పెట్టెకు నడిచిపోయే దారి దాని లక్షణాలు. మనం అడగవలసిన బండి అదే.

దానితో పాటు ఖర్చు లేని పని ఒకటి ఉంది. దివ్యాంగుల పెట్టె, చిన్న రేకు వచ్చిన రోజు ఒకచోట, పొడవైన రేకు వచ్చిన రోజు ఇంకొకచోట ఆగుతుంది. ఆ రెండు చోట్లా ప్లాట్‌ఫారం అంచున పసుపు రంగుతో గుర్తు గీసి, వచ్చే రేకు ఏదో మైకులో రెండు నిమిషాల ముందు తమిళంలోనూ తెలుగులోనూ చెప్పవచ్చు. ఆ భార్యాభర్తలు రైలు ఆగిన తరువాత పరుగెత్తడం మాని, ఆగే చోట ముందే నిలబడతారు. ఈ సభ తరఫున ఈ అర్జీని డివిజను కార్యాలయానికి పంపాలని నా కోరిక. ప్రతి ఇక్కడే ఉంది, సంతకాలు చేయండి.